ఇంటి రేంజ్‌లో ఎయిర్ రైఫిల్ చప్పుడు: గొట్టం మూతి దగ్గర ఆపాలా, గురి దగ్గర ఆపాలా?

చంపావతి:
విజయనగరం కంటోన్మెంట్ వైపు ఇల్లు. పెరట్లో గోడ వారన 12 మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు రేకుల వరండా ఉంది. అందులో 10 మీటర్ల రేంజ్ పెట్టుకున్నాం. రైఫిల్ పీసీపీ (సిలిండర్లో ముందే నింపుకున్న గాలితో కాల్చేది), 4.5 మి.మీ., క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మీద సుమారు 19 జౌల్స్ చూపిస్తోంది. పెల్లెట్ 0.547 గ్రాములది. గురి వెనుక ఇనుప రేకు పెట్టె, దాని వెనుక పొరుగింటితో కలిసిన ఉమ్మడి గోడ. చప్పుడు ఎక్కువని పక్కింటివాళ్లు అంటున్నారు, వాళ్ల పిల్లలకు పరీక్షలు. మూతికి సైలెన్సర్ లాంటిది బిగిస్తే సరిపోతుందని కొందరు, అది వద్దు, గది సరిచేసుకోమని ఇంకొందరు చెబుతున్నారు. ఏది ముందు చేయాలి?

పలాస తోట:
పీసీపీ అంటే చప్పుడంతా మూతి దగ్గరే కదండీ. సిలిండర్లో 200 బార్ గాలి. పెల్లెట్ బయటికి రాగానే దాని వెనకాల మిగిలిన గాలి ఒక్కసారి పగుల్తాది. ఆ పేలుడుని వదిలేసి గోడకి గోనె పట్టాలు కడితే ఏటి లాభం? విదేశాల్లో ఈ రైఫిళ్లు చాలావరకు గొట్టం చుట్టూ తొడుగుతోనే వస్తాయి. మూతి దగ్గర తగ్గించుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తగ్గుతాయి. అసలు రోగం అక్కడుంటే మందు ఇంకెక్కడో రాస్తే ఎలాగండీ?

గంటస్తంభం:
పలాస గారూ, పీసీపీలో మూతి దగ్గర గాలి విస్ఫోటం పెద్దదన్న మాట నిజమే. కానీ చంపావతి గారి పక్కింట్లోకి వెళ్తున్నది ఆ శబ్దమో కాదో ఇంకా ఎవరూ కొలవలేదు. కొలవకుండా మందు రాయడమే నాకు నచ్చనిది.

కొలిచే పద్ధతి తేలిక. ఫోన్‌లో శబ్దపు అలలు గీతల్లా చూపించే రికార్డింగ్ యాప్ వేసుకుని, రైఫిల్ మూతికి ఒక మీటరు పక్కన పెట్టి ఒక షాట్ రికార్డు చేయండి. రెండు శిఖరాలు కనిపిస్తాయి, మొదటిది మూతిది, రెండోది గురిది. 19 జౌల్స్‌తో 0.547 గ్రాముల పెల్లెట్ సెకనుకు దాదాపు 264 మీటర్లు పోతుంది. 10 మీటర్లకి 38 మిల్లీసెకన్లు. గురి చప్పుడు వెనక్కి రావడానికి, 30 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు 349 మీటర్లు కాబట్టి, ఇంకో 29. అంటే రెండింటి మధ్య 67 మిల్లీసెకన్ల ఎడం, గాలి నిరోధం కలిపితే ఇంకాస్త ఎక్కువ. చెవికి కలిసిపోయినట్టు వినిపించినా, తెర మీద మాత్రం విడివిడిగా ఉంటాయి.

తర్వాత అదే ఫోన్ తీసుకెళ్లి, పక్కింటివాళ్ల అనుమతితో, వాళ్ల గదిలో పెట్టి మళ్లీ రికార్డు చేయండి. అక్కడ ఏ శిఖరం ఎత్తుగా ఉందో అదే మీ మొదటి పని. ఉమ్మడి గోడకి ఇనుప పెట్టె ఆనించి ఉందంటే గురి శిఖరమే పెద్దదవుతుందని నా అంచనా.

ఒక జాగ్రత్త: ఫోన్ చూపించే డెసిబెల్ అంకెని నమ్మకండి. ఈ శబ్దం కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది. డెసిబెల్ చూపించే యాప్ అంత వేగంగా అందుకోలేదు, పైగా మైకు దగ్గర పెడితే శిఖరం కోసేస్తుంది. తెర మీద అల పైభాగం బల్లపరుపుగా కనిపిస్తే కోసేసినట్టు, ఫోన్‌ని ఇంకా దూరం జరపండి. అదే ఫోన్, అదే చోటు, ముందూ తర్వాతా పోల్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

నాగావళి గట్టు:
మూతికి ఏదైనా బిగించే ముందు చట్టం చూసుకోవాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌల్స్ లోపు, 0.177 అంగుళం లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండిట్లో ఏది దాటినా లైసెన్సు కావాలి. మీ 19 జౌల్స్ అంచు మీద ఉంది. బరువైన పెల్లెట్ వేస్తే పీసీపీలో శక్తి కొంచెం పెరుగుతుంది కూడా, కాబట్టి పెల్లెట్ మార్చిన ప్రతిసారీ క్రోనోగ్రాఫ్ మీద చూసుకోవాలి.

సైలెన్సర్ల సంగతి వేరు. తుపాకీ చప్పుడు, మెరుపు తగ్గించే ఉపకరణాలు ఆ నియమాల షెడ్యూల్లో అన్నిటికంటే కఠినమైన మొదటి వర్గంలోనే ఉన్నాయి. ఎయిర్ రైఫిల్ కోసమే చేయించానంటే తనిఖీకి వచ్చినవాళ్లకి ఆ తేడా కంటితో కనిపించదు, రుజువు చేసుకోవలసిన భారం మీ మీదే పడుతుంది. లేత్ మెషిన్ దగ్గర సైలెన్సర్ గొట్టం చేయించడం అసలే వద్దు. పోటీలకి వెళ్లే పిల్లలు వాడే రైఫిల్ అయితే ఇంకో మాట: అంతర్జాతీయ షూటింగ్ నియమాల్లో మూతి బ్రేకులు, కాంపెన్సేటర్లు (కుదుపు తగ్గించడానికి మూతికి బిగించేవి) నిషిద్ధం.

పలాస తోట:
చట్టం మాట ఒప్పుకుంటాను మాస్టారూ. నేను లేత్ దగ్గర చేయించమన్లేదు. కంపెనీ వాళ్లే తొడుగుతో అమ్మే రైఫిల్ కొనుక్కోమంటన్నాను. కానీ ఒకటి సెప్పండి. మా పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో కోతుల్ని తరమడానికి ఎయిర్ గన్ పెట్టుకుంటారు. అక్కడ గదీ లేదు, గురి పెట్టే లేదు. వాళ్లు ఏటి సేస్తారు?

నాగావళి గట్టు:
కోతుల్ని తరమడానికైతే చప్పుడు తగ్గించే ప్రశ్నే రాదు, తరిమేది చప్పుడే కదా. పెల్లెట్ తగిలితే అది గాయం, జంతు హింస నిరోధక చట్టం 1960 అడ్డొస్తుంది. చప్పుడు రాని ఎయిర్ గన్ తోటలో ఎందుకు కావాలని అడిగితే వచ్చే జవాబు వేటే. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు పెడతాయి, ఊరి జనమే వాటికి కాపలా. శ్రీకాకుళం జిల్లాలో చప్పుడు లేని ఎయిర్ గన్ గురించి మాట్లాడేటప్పుడు ఆ గూళ్లు గుర్తుంచుకోవాలి. ఇక్కడ మన చర్చ గోడల మధ్య కాగితం గురి వరకే ఉంచుదాం.

వేదిక నిర్వాహకులు:
నాగావళి గారి మాటే ఇక్కడి నిబంధన. మూతికి బిగించే గొట్టాల తయారీ కొలతలు, బొమ్మలు పెట్టకండి, పెడితే తీసేస్తాం. శక్తి, గురి పెట్టె, గది, రైఫిల్ లోపలి రిపేరు గురించి ఎంత లోతుగానైనా రాయండి.

గంటస్తంభం:
సరే, మూతికి ఏ గొట్టమూ బిగించకుండా మూతి చప్పుడు ఎంత తగ్గించవచ్చో చెబుతాను, పలాస గారి ప్రశ్నకి సగం జవాబు అందులో ఉంది.

10 మీటర్ల పోటీ రైఫిల్ 0.53 గ్రాముల పెల్లెట్‌ని సెకనుకు 170-175 మీటర్లతో పంపిస్తుంది. అంటే సుమారు 8 జౌల్సే. ప్రపంచ స్థాయి పోటీలో 0.5 మి.మీ. చుక్క పదిని కొట్టడానికి అది చాలుతోంది. 10 మీటర్ల రేంజ్‌లో 19 జౌల్స్‌తో చేసే పని ఏమీ లేదు, మిగతా 11 జౌల్స్ చప్పుడుకీ గురి పెట్టె పాడవడానికీ పోతున్నాయి. శక్తి తగ్గిస్తే మూతి శిఖరం, గురి శిఖరం రెండూ ఒకేసారి దిగుతాయి. ఇంకే మార్గమూ రెండిటినీ కలిపి దించదు.

తగ్గించే క్రమం ఇది. రైఫిల్‌కి పవర్ చక్రం గానీ, గాలి దారి సన్నం చేసే స్క్రూ గానీ ఉంటే ముందు దాంతోనే తగ్గించండి. అది లేకపోతే హ్యామర్ స్ప్రింగు, అంటే గాలి వాల్వుని కొట్టి తెరిచే సుత్తిని తోసే స్ప్రింగు. చాలా రైఫిళ్లు హ్యామర్ దెబ్బ అవసరానికి మించి పెట్టుకునే వస్తాయి. దాంతో పెల్లెట్ మూతి దాటిన తర్వాత కూడా వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఆ గాలి పెల్లెట్‌ని తోయదు, ఊరికే అరుస్తుంది. ప్రీలోడ్ స్క్రూ (ఆ స్ప్రింగు బిగువు మార్చేది) పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ ప్రతి మెట్టులో అయిదు షాట్లు క్రోనోగ్రాఫ్ మీద వేయండి. మొదట వేగం మారదు, చప్పుడు మాత్రం పొడిగా, చిన్నదవుతూ వస్తుంది. ఒక చోట వేగం పడటం మొదలవుతుంది. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని ఒకే ఒత్తిడికి తగ్గించి అందించే భాగం) ఉన్న రైఫిల్లో గరిష్ఠ వేగం కంటే మూడు నుంచి అయిదు శాతం కిందికి వచ్చే చోట ఆపండి. అంతకంటే వదులు చేస్తే షాట్‌కీ షాట్‌కీ వేగం తేడా వస్తుంది, గురి మీద చిల్లుల గుంపు నిలువుగా సాగుతుంది.

ఇంకా తగ్గించాలంటే రెగ్యులేటర్ ఒత్తిడి దించి, దానికి సరిపడా మళ్లీ హ్యామర్ కూర్చాలి. ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతున్నాను: సిలిండర్ గాలి పూర్తిగా ఖాళీ చేయకుండా రెగ్యులేటర్ మీద రించ్ పెట్టకూడదు. గేజీ సున్నా చూపించినా లోపలి గదిలో గాలి ఉండొచ్చు. రెండు మూడు సార్లు ఖాళీ షాట్ వేసి, చేతికి తెలిసిన మెకానిక్ దగ్గరే విప్పించండి.

పలాస తోట:
తేలిక పెల్లెట్ వేస్తే శక్తి తగ్గుతాది, చప్పుడూ తగ్గుతాది అంటారు కదా?

గంటస్తంభం:
దానికి ఉల్టా కూడా జరుగుతుంది. 20 జౌల్స్ దగ్గర 0.33 గ్రాముల మిశ్రలోహం పెల్లెట్ వేస్తే లెక్క సెకనుకు 348 మీటర్లు వస్తుంది, మన వేడిలో ధ్వని వేగానికి సమానం. చలికాలం పొద్దున్న ధ్వని వేగం ఇంకా తక్కువ కాబట్టి గీత దాటే అవకాశం ఉంది. అప్పుడు పెల్లెట్ తనే దారిపొడవునా కొరడా ఝళిపించినట్టు చప్పుడు చేస్తుంది, దాన్ని మూతికి బిగించే ఏ గొట్టమూ ఆపలేదు. గురి కూడా చెదురుతుంది. అదే 20 జౌల్స్‌కి 0.67 గ్రాముల సీసం పెల్లెట్ 244 మీటర్లే. కాబట్టి సీసం, మధ్యస్థ బరువు, వేగం 170-200 మీటర్లు. ఇంటికి అదే మంచిది.

రాజాం మెకానిక్:
ఇక్కడ అందరూ పీసీపీ గురించే మాట్లాడుతున్నారు. మన జిల్లాల్లో ఎక్కువమంది దగ్గర ఉన్నది స్ప్రింగు రైఫిల్, అంటే స్ప్రింగు పిస్టన్‌ని తోసి అప్పటికప్పుడు గాలి నొక్కేది. దాని చప్పుడు పుట్టే చోటు వేరు, వాళ్లకి మూతి సంగతి చెబితే దారి తప్పించినట్టే. స్ప్రింగు రైఫిల్లో మూతి బయటికి వచ్చే గాలి తక్కువ. చప్పుడంతా పిస్టన్ కొట్టుకోవడం, స్ప్రింగు మోగడం. బుగ్గ స్టాక్‌కి (రైఫిల్ చెక్క పిడికి) ఆనించి ఉంటుంది కాబట్టి ఎముక ద్వారా కాల్చేవాడికే ఎక్కువ వినిపిస్తుంది. ఎదుటివాడికి అంత ఉండదు.

చప్పుడు రకం వింటే జబ్బు తెలిసిపోతుంది. కాల్చాక "టంయ్‌య్" అని సాగుతూ మోగితే స్ప్రింగుకీ లోపలి గైడుకీ మధ్య ఖాళీ ఎక్కువ. గైడు బిగుతుగా ఉండేది వేయాలి, స్ప్రింగు మీద చిక్కటి జిగురు గ్రీజు పలచగా పూయాలి. పలచగా అన్నది ముఖ్యం, ముద్దగా పెడితే వేగం పడిపోతుంది. "ఠక్" మని ఇనుము ఇనుముకి తగిలినట్టుంటే పిస్టన్ వాషర్ అరిగిపోయింది లేదా చిరిగింది. ముందు గాలి మెత్త లేకపోవడంతో పిస్టన్ నేరుగా గదిని కొడుతోంది. గొట్టంలో వదులుగా కూర్చునే తేలిక పెల్లెట్ వేసినా ఇదే చప్పుడు. గొట్టం మడిచే చోట సీలు కారుతున్నా ఇదే. చిన్న టిష్యూ కాగితం ముక్క ఆ కీలు పక్కన పెట్టి, నేల వైపు భద్రంగా గురిపెట్టి కాల్చండి. కాగితం ఎగిరితే సీలు మార్చాలి.

పొగ, కాలిన వాసన, పెద్ద పేలుడు వస్తే అది నూనె. కుట్టుమిషను నూనె, కొబ్బరినూనె గాలి రంధ్రంలో పోసేవాళ్లు చాలామంది. పిస్టన్ గాలిని ఒక్కసారి నొక్కినప్పుడు వేడికి ఆ నూనె డీజిల్ ఇంజన్లోలా అంటుకుంటుంది. చప్పుడు రెట్టింపు, శక్తి 20 జౌల్స్ దాటే ప్రమాదం, వాషర్ మాడుతుంది, స్ప్రింగు విరుగుతుంది. పిస్టన్ పక్కలకి మాలిబ్డినం గ్రీజు పలచగా, గాలి గదిలోకి ఏమీ పోయకూడదు. తోలు వాషర్ ఉన్న పాత రైఫిల్‌కి మాత్రం తోలు ఎండకుండా కొద్దిగా సిలికాన్ నూనె. అదీ ఒకట్రెండు చుక్కలే.

చప్పుడు తగ్గుతుందని స్ప్రింగు రెండు చుట్లు కోసేసేవాళ్లున్నారు. కోసిన కొన వేడిచేసి మూసి, చదునుగా రాయకపోతే స్ప్రింగు పక్కకి వంగి గొట్టానికి రాచుకుంటుంది, ఇంకా ఎక్కువ మోగుతుంది. తక్కువ బలం స్ప్రింగు కొనుక్కోవడమే మేలు. విప్పేటప్పుడు స్ప్రింగు అయిదారు సెంటీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. వడ్రంగి పొడవు క్లాంపు బిగించకుండా వెనక పిన్ను తీస్తే ముఖం మీదికి వస్తుంది. ఇదంతా చేసే ముందు స్టాక్ స్క్రూలు బిగించి చూడండి, సగం మోతలు అక్కడే పోతాయి.

నాగావళి గట్టు:
రాజాం గారు చెప్పినంత చక్కగా స్ప్రింగు రైఫిల్ గురించి ఇక్కడ ఇదివరకు ఎవరూ రాయలేదు. చంపావతి గారి గురి పెట్టె సంగతికి వస్తాను.

ఇనుప రేకు పెట్టె అంటే గంట కట్టి కొట్టినట్టే. దాన్ని ఉమ్మడి గోడకి ఆనిస్తే గోడంతా మోగుతుంది. పెట్టెని గోడ నుంచి కనీసం జానెడు ముందుకు జరిపి, వేరే స్టాండు మీద, కాళ్ల కింద దళసరి రబ్బరు ముక్కలు వేసి నిలబెట్టండి. ఇది ఈ రోజే చేయగలిగిన పని, ఖర్చు లేదు.

పెట్టె మార్చాలంటే 18 మి.మీ. ప్లైవుడ్‌తో 45 సెం.మీ. పొడవు వెడల్పులు, 30 సెం.మీ. లోతు. వెనక లోపలి వైపు 5 మి.మీ. ఇనుప పలక. పలకకీ ప్లైవుడ్‌కీ మధ్య పాత సైకిలు ట్యూబు ముక్కలు, లేకపోతే పలక మోగుతుంది. లోపల నింపడానికి మన దగ్గర రెండు సరుకులు దొరుకుతాయి. ఒకటి టైరు రీట్రెడింగ్ షాపులో వచ్చే రబ్బరు తురుము. ఇంకోటి గోగునార, జూట్ మిల్లు వ్యర్థం. రబ్బరు తురుము మెరుగు: పెల్లెట్ ఆగే చప్పుడు "ధప్" అని మెత్తగా వస్తుంది, తడికి పాడవదు. ముందు వైపు అట్ట, దాని మీద గురి కాగితం. చిల్లులు పెద్దవై తురుము కారడం మొదలైతే అట్ట మార్చాలి. గోగునారైతే వేలు దిగనంత గట్టిగా కుక్కాలి, కింద పాలిథీన్ పరవాలి, లేకపోతే చెదలు పట్టేస్తాయి.

చేయకూడనిది: ముందు వైపు దళసరి రబ్బరు పలక బిగించడం. తక్కువ శక్తి పెల్లెట్ దాని మీద నుంచి తిరిగి కాల్చేవాడి వైపు వస్తుంది. గట్టి చెక్క దిమ్మ కూడా అంతే. కళ్లద్దాలు ఎప్పుడూ తప్పనిసరి. కొత్త పెట్టెలో ఒక పది షాట్లు వేసి విప్పి చూడండి, పెల్లెట్లు పలకని తాకుతుంటే నింపింది చాలలేదు. ఒకే చోట కాలుస్తుంటే మధ్యలో సొరంగం పడుతుంది, అప్పుడప్పుడు కదిపి మళ్లీ కూరాలి. మెత్తటి పెట్టెలో ఇంకో లాభం: పెల్లెట్ అంతగా చితకదు కాబట్టి సీసం ధూళి తక్కువ. ఇనుప పెట్టెలో ఎక్కువ లేస్తుంది. అది పొడి చీపురుతో ఊడవకూడదు, తడిబట్టతో తుడవాలి, చేతులు సబ్బుతో కడగాలి.

పలాస తోట:
పెట్టె సంగతి బాగుంది. గదికేటి సేస్తారు? కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే సౌండ్ ప్రూఫ్ అయిపోద్దని అంటారు.

గంటస్తంభం:
అవ్వదు. గుడ్ల ట్రేలు, పలచటి ఫోమ్ గది లోపల ప్రతిధ్వనిని కొంచెం తగ్గిస్తాయి, చప్పుడు బయటికి పోకుండా ఆపవు. పైగా త్వరగా అంటుకుంటాయి. ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఇప్పటికే మంచి అడ్డు, దాని మీద అంటించాల్సింది ఏమీ లేదు. బలహీనం ఎక్కడంటే రేకు కప్పు, గోడకీ రేకుకీ మధ్య వదిలిన సందు. ఇటుక గోడ ఎంత దళసరిగా ఉన్నా ఆ జానెడు సందులోంచి చప్పుడంతా పోతుంది. ముందు ఆ సందు సిమెంటుతో గానీ ఇటుకతో గానీ మూయండి, గాలికి వేరే వైపు దారి పెట్టుకోండి. తర్వాత కాల్చే చోట పైన రేకు కింద ఒక అడుగు ఎడంగా దళసరి కొబ్బరిపీచు పట్టాలో, నాలుగు మడతల గోనె పట్టాలో వేలాడదీయండి. మూతి చుట్టూ రెండు మూడు మీటర్ల మేర చాలు, వరండా పొడవునా అక్కర్లేదు. రేకు తానే మోగుతుంటే దాన్ని బిగించే జె-హుక్ బోల్టుల దగ్గర రబ్బరు వాషర్లు అరిగాయేమో చూడండి.

పలాస తోట:
ఇదంతా చేసినా పీసీపీ మూతి చప్పుడు కొంత మిగులుతాది. ఆ మాటకి ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. పెల్లెట్ వెనకాల ఒత్తిడి ఉన్నంత కాలం పేలుడు ఉంటాది.

గంటస్తంభం:
మిగులుతుంది, కాదనను. 8 జౌల్స్ దగ్గర మిగిలేది గోడ దాటి పక్కింటి గదిలో వినిపించేంత ఉంటుందా అన్నదే తేల్చుకోవాలి. దానికి జవాబు రికార్డింగ్‌లో మొదటి శిఖరం చెబుతుంది. అప్పటికీ పెద్దదైతే పొడవు గొట్టం (బారెల్) ఉన్న రైఫిల్ చూసుకోవాలి, గొట్టం పొడవు పెరిగే కొద్దీ పెల్లెట్ బయటికి వచ్చేసరికి గాలి వ్యాకోచించి ఒత్తిడి తగ్గుతుంది.

చంపావతి:
పెట్టె ఈ సాయంత్రమే గోడ నుంచి జరిపిస్తాను. కాల్చే వేళల గురించి ఏమంటారు? శబ్ద నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని ఉంది కదా, పగలు కాల్చుకుంటే అభ్యంతరం ఉండకూడదు కదా?

నాగావళి గట్టు:
2000 సంవత్సరపు నియమాల్లో ఆ అంకెలు కొంత సమయం మీద సగటు. మీ షాట్ మిల్లీసెకన్లది, సగటులో కనిపించదు, పక్కింటివాళ్ల చెవికి మాత్రం ఉలిక్కిపాటే. కాబట్టి ఆ అంకె పట్టుకుని వాదించడానికి పనికిరాదు. రాత్రి పది నుంచి ఆరు దాకా ఎలాగూ వద్దు. పరీక్షలున్న నెలలో వాళ్లు బడికి వెళ్లిన వేళలే అడిగి పెట్టుకోండి. గాలి నింపే కంప్రెసర్ ఉంటే దాన్ని కూడా ఆ వేళలోనే నడపండి, అది నిమిషాల తరబడి మోగుతుంది. ఫిర్యాదుల్లో సగం దాని మీదే అయి ఉండొచ్చు, ముందు వాళ్లని అదే అడగండి.